గ్యాలరీ కింద గది

చర్చి వెనక ఖాళీ స్థలంలో కారు ఆపింది లొరేటా. ఇంజను కట్టేసింది గానీ వెంటనే దిగలేదు. క్విన్సీ నుంచి రెండున్నర గంటల ప్రయాణం. పొద్దున ఐదింటికల్లా వృద్ధాశ్రమం వంటింట్లో నిలబడి అరవై మందికి ఓట్స్ జావ కాచి, మధ్యాహ్నం వంట తోటి మనిషికి అప్పజెప్పి బయల్దేరింది. నడుము కొయ్యబారిపోయింది. చెట్ల మీదుగా మైదానం దీపస్తంభాలు నాలుగూ కనిపిస్తున్నాయి. అలాంటివి ఆమె పదకొండు ఊళ్లలో చూసింది. ఇది పన్నెండోది.

ఆమె భర్త డ్వేన్ ఫుట్‌బాల్ కోచ్. కాలితో తన్నే ఆట కాదు, బంతి చేత్తో పట్టుకుని ఒకరినొకరు తోసుకునే అమెరికా ఆట. పెళ్లయి ముప్పై మూడేళ్లయితే, అందులో ముప్పై ఏళ్లు అతను ఎవరో ఒకరి కింద పనిచేసిన కోచే. ముందు వరుసలో నిలబడే భారీ కుర్రాళ్లకు ఎలా వంగాలో, ఎలా తోయాలో నేర్పడం అతని పని. పెద్ద కోచ్ ఉద్యోగం పోతే ఆయన కింద ఉన్నవాళ్లందరివీ పోతాయి. అది ఆ వృత్తిలో రివాజు. పోయిన ప్రతిసారీ లొరేటా తన ఉద్యోగం వదులుకుంది, అట్టపెట్టెలు సర్దింది, కూతురికి కొత్త బడి వెతికింది. పన్నెండేళ్ల వయసులో ఆ పిల్ల, కిర్‌స్టెన్, ఒక కొత్త ఇంట్లో అడుగుపెడుతూ, "ఈసారి నా పెట్టెలు విప్పొద్దమ్మా. మళ్లీ సర్దే పని తప్పుతుంది" అంది. కోపంగా కూడా అనలేదు. లొరేటా ఆ మాట ఇప్పటికీ మరచిపోలేదు.

క్విన్సీలో మాత్రం తొమ్మిదేళ్లు నిలిచారు. అక్కడి కాలేజీ డ్వేన్‌ను తీసేశాక కూడా ఊరు వదల్లేదు. అతను ట్రాక్టర్ల విడిభాగాల దుకాణంలో ఏడాదిన్నర కౌంటరు వెనక నిలబడ్డాడు. ఇక ఆట అయిపోయినట్టే అనుకుంది లొరేటా. పైకి అనలేదు గానీ ఊపిరి పీల్చుకుంది. అప్పుడొచ్చింది ఫోను. సెయింట్ లూయిస్ శివార్లలో క్రెస్ట్ మీడోస్ అనే చోట ఒక చిన్న కాలేజీ కొత్తగా ఫుట్‌బాల్ జట్టు పెడుతోంది. విద్యార్థులు తగ్గిపోయిన కాలేజీలన్నీ ఈ మధ్య చేస్తున్న పనే. జట్టుంటే వంద మంది మగపిల్లలు వచ్చి చేరతారని ఆశ. దానికి పెద్ద కోచ్‌గా రమ్మన్నారు. యాభై తొమ్మిదేళ్ల వయసులో, జీవితంలో మొదటిసారి, పెద్ద కోచ్.

ఫిబ్రవరిలో వెళ్లిపోయాడు. "ముందు నేను వెళ్లి కుదురుకుంటాను, తర్వాత నువ్వు రా" అన్నాడు. వారానికి మూడుసార్లు ఫోను చేసేవాడు. ఇల్లు దొరికిందన్నాడు. "వెనకాల పెరడుంది లొరేటా. ఎండ బాగా పడుతుంది. నీ ఆస్పరాగస్ వేసుకోవచ్చు." ఆస్పరాగస్ అనే ఆ కూరమొక్క నాటిన మూడో ఏటికి గానీ కోతకు రాదు. నాలుగు ఊళ్లలో ఆమె నాటింది వేరేవాళ్లు తిన్నారు. క్విన్సీలోనే మొదటిసారి తన చేత్తో కోసుకుంది.

ఆగస్టులో క్విన్సీ ఇల్లు అమ్మకానికి పెట్టమని అడిగాడు. "చూద్దాం" అంది. ఏడు వారాలుగా "చూద్దాం" అనే అంటోంది. ఇల్లు అమ్మనని, తాను ఇక ఎక్కడికీ కదలనని ఫోనులో చెప్పడం ఆమెకు చేతకాలేదు. అందుకే చెప్పకుండా బయల్దేరి వచ్చింది.

మైదానం కాలేజీది కాదు. ఊరి హైస్కూలుది. స్కోరుబోర్డు మీద ఉన్న స్కూలు పేరు కనబడకుండా కాలేజీ బ్యానరు ఒకటి ప్లాస్టిక్ తాళ్లతో కట్టారు. గాలికి ఒక మూల లేచి, వెనక అక్షరాలు రెండు కనిపిస్తున్నాయి. కృత్రిమ గడ్డి పరిచిన, ఆకుపచ్చ తివాచీ లాంటి మైదానం నడిమధ్యన స్కూలు గుర్తు, అడవిదున్న తల, ఇంత పెద్దది వేసి ఉంది. దాన్ని మాత్రం ఏదీ కప్పలేదు. కాలేజీ జట్టు గుర్తేమో కొంగ.

గేటు దగ్గర గుడారం కింద ఇద్దరు ముసలమ్మలు టికెట్లు ఇస్తున్నారు.

"ఏ జట్టు తరఫునమ్మా?" అందొకామె, లొరేటా చేతి మీద ముద్ర వేస్తూ.

"ఈ ఊరి జట్టే."

"కొంగలా? పోనీలే, మనవాళ్లకీ ఓ మనిషి వచ్చింది. మెట్లు జాగ్రత్త, పొద్దున కడిగారు."

ఆరు వేల మంది పట్టే గ్యాలరీలో మూడొందల మంది కూడా లేరు. ఆటగాళ్ల తల్లిదండ్రులు మధ్యలో ఒక ముద్దగా కూర్చున్నారు. లొరేటా వాళ్లకు దూరంగా ఒక చివర కూర్చోబోయింది.

"అక్కడ బల్ల రేకు మంచుముద్దలా ఉంటుంది తల్లీ. ఇటు రా. దుప్పటి పెద్దదే" అని ఎవరో పిలిచారు.

పిలిచినామెకు డెబ్బై ఏళ్లుంటాయి. నల్లటి మొహం, ఊదారంగు ఊలు టోపీ, ఒళ్లో సంచి. పేరు ఒడెస్సా టిలరీ అని తనే చెప్పింది. నది అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. మనవణ్ణి చూపించింది. "అదిగో, అరవై రెండు. అందరికంటే ముందు వంగి, కాళ్ల సందులోంచి బంతి వెనక్కి ఇస్తాడే, వాడు. క్వెంటిన్. వాడు బంతి ఇవ్వందే ఆట మొదలుకాదు, గుర్తుపెట్టుకో. మీవాడెవడు?"

లొరేటా ఒక క్షణం తడబడింది. గీత పక్కన, చేతిలో కాగితం పట్టుకుని, టోపీ కిందికి లాక్కుని నిలబడ్డాడు డ్వేన్. ఎనిమిది నెలల్లో చిక్కిపోయాడు. జాకెట్టు భుజాల దగ్గర వేలాడుతోంది.

"మావాడు ఆడడు" అంది. "గీత పక్కన నిలబడతాడంతే."

"అయ్యో. మొదటి ఏడే కదా. వాడికీ ఓ రోజొస్తుందిలే" అని ఒడెస్సా ఆమె మోకాలు తట్టింది.

ఆటలో చూడటానికి ఏమీ లేదు. అవతలి జట్టు పాతది, బలమైనది. ఇటు అందరూ పద్దెనిమిదేళ్లవాళ్లు. బంతి చేతికొచ్చిన ప్రతిసారీ ముందుకు వెళ్లేకంటే వెనక్కే ఎక్కువ వెళ్తున్నారు. ఇప్పటికి ఆరు ఆటలు ఆడి ఆరూ ఓడారు. లొరేటాకు ఇది కొత్త కాదు. ఎన్ని శనివారాలు, ఎన్ని గ్యాలరీలు. ఆమె కళ్లు ఆటను చూస్తున్నాయి, మనసు మాత్రం చెప్పాల్సిన మాటను కూడబలుక్కుంటోంది. 'నేను రాను డ్వేన్.' అంతే. నాలుగు మాటలు కూడా లేవు. దానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది.

రెండు వరసల వెనక ఒకాయన మొదటినుంచీ అరుస్తూనే ఉన్నాడు. గోధుమరంగు కోటు, ఎర్రటి మెడ. బంతి విసిరే కుర్రాడి తండ్రి, పేరు గ్లెన్ ప్రూయిట్ అని ఒడెస్సా చెవిలో చెప్పింది.

"విసరనివ్వవయ్యా కోచ్. నా కొడుకు చెయ్యేమైనా అరువు తెచ్చాడా? దున్నపోతు మీద కొంగల్లా నిలబడ్డారు అందరూ. మేస్తున్నారా, ఆడుతున్నారా?"

పక్కవాళ్లు నవ్వారు. లొరేటా వెనక్కి తిరగలేదు. పెళ్లయిన కొత్తలో ఒక పెద్ద కోచ్ భార్య ఆమెకు నేర్పిన పాఠం అది. నీ మొగుణ్ణి ఎవరేమన్నా మైదానం వైపే చూడు, మొహంలో ఏమీ కనబడనివ్వకు. ముప్పై మూడేళ్లుగా ఆమె ఆ పాఠం తప్పలేదు.

సగం ఆటకు ఇరవై ఏడు, సున్నా. కొంగలు తలలు వంచుకుని లోపలికి పోయారు. ఒడెస్సా తినుబండారాల దుకాణం దగ్గరికి వెళ్లి రెండు కాగితపు గిన్నెల్లో చిక్కుడుగింజలు, మాంసం వేసి ఉడికించిన కూర తెచ్చింది. వేడి పొగలు కక్కుతోంది. లొరేటాకు అప్పుడు తెలిసింది తనకెంత ఆకలిగా ఉందో.

"మీ మనవడు హాస్టల్లో ఉంటున్నాడా?" అని అడిగింది, ఏదో ఒకటి మాట్లాడాలని.

"హాస్టలా. చేర్చుకునేటప్పుడు గది ఇస్తామన్నారు తల్లీ. తీరా ఆగస్టులో వచ్చేసరికి గదుల కంటే పిల్లలెక్కువయ్యారు. మావాడూ ఇంకో ముగ్గురూ వారం రోజులు ఎవడిదో వ్యానులో పడుకున్నారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు వెధవ. కోచ్‌కి తెలిసి, తన ఇల్లు వీళ్లకిచ్చేశాడు."

లొరేటా చెంచా ఆగింది. "తన ఇల్లా?"

"అద్దెదేలే. ముచ్చటగా ఉంటుంది. వెనక పెరడు కూడా ఉంది. ఇప్పుడు ఆరుగురున్నారు అందులో, ఎలా ఉంచారో దేవుడికే తెలియాలి. ఆయనేమో ఇదిగో, మనం కూర్చున్న ఈ మెట్ల కిందే, సామాన్ల గదిలో పడుకుంటాడు. స్కూలు వాచ్‌మన్ చూసీచూడనట్టు ఊరుకున్నాడట."

"భార్య లేదా ఆయనకు?"

"ఉందట, పైన ఇల్లినాయి రాష్ట్రంలో, క్విన్సీ అట. తీరిక లేని ఉద్యోగమని చెప్తాడట పిల్లలకు. మొగుడు బల్లల కింద పడుకుంటుంటే తీరిక చిక్కని ఉద్యోగమేమిటో, ఏం మనిషో. చల్లారిపోతోంది, తిను."

లొరేటా తింది. రుచి తెలియలేదు. మొదట వచ్చింది కోపమే. ఇల్లు ఉంది, రమ్మంటున్నాడు, ఆ ఇంట్లో ఆరుగురు పరాయి పిల్లలు. ప్రతి ఊళ్లోనూ ఇంతే. పండుగకు ఇంటికి పోలేని కుర్రాళ్లు, తల్లి పోయిన కుర్రాళ్లు, ఆమె వండిన బంగాళాదుంపలన్నీ తిని పోయేవాళ్లు. వాళ్ల పేర్లన్నీ డ్వేన్‌కు గుర్తే. కిర్‌స్టెన్ ఏ ఏడు ఏ తరగతిలో ఉందో మాత్రం ఆమెనే అడిగేవాడు.

నాలుగు భాగాల ఆటలో మూడోది సగంలో ఉండగా జరిగింది. ఇద్దరు ముగ్గురు ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. అందరూ లేచారు, అరవై రెండు లేవలేదు.

ఒడెస్సా నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. వైద్యం చూసే అమ్మాయి పరిగెత్తుకుంటూ వెళ్లింది. వెనకాలే డ్వేన్ నడిచాడు. పరిగెత్తలేడు. లొరేటా ఆ నడకే చూస్తోంది. ఒక్కో అడుగూ తూచి వేసినట్టు, కుడి కాలు కాస్త ఈడుస్తూ. కుర్రాడి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, శిరస్త్రాణం రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, వంగి ఏదో చెప్తూ ఉన్నాడు. చాలాసేపు. అంబులెన్సు వాళ్లు వచ్చి క్వెంటిన్‌ను స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. అప్పుడు డ్వేన్ లేవబోయాడు. ఒక చెయ్యి నేల మీద ఆన్చాడు, లేవలేకపోయాడు. ఇంకో చెయ్యి ఆన్చాడు. చివరికి అవతలి జట్టు కుర్రాడొకడు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు.

"బాగుంది" అన్నాడు గ్లెన్ ప్రూయిట్ వెనకనుంచి. "ఇంకో స్ట్రెచర్ తెప్పించండి. ముసలాణ్ణి కూడా మోసుకుపోదురు."

ఒకరిద్దరు నవ్వారు. లొరేటా వెనక్కి తిరిగింది.

"ఆయన నా మొగుడు" అంది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదు. "మోకాలిచిప్పలు రెండూ అరిగిపోయాయి. వాటిమీదే కూర్చుని ముప్పై ఏళ్లకు పైగా మీ అబ్బాయి లాంటివాళ్లకు నేర్పాడు. నవ్వాలనిపిస్తే నవ్వుకోండి, కాస్త మెల్లగా. ఆ కుర్రాడి నాయనమ్మ ఇక్కడే ఉంది."

గ్లెన్ టోపీ తీశాడు. మొహం మెడకంటే ఎర్రబడింది. "నాకు తెలీదండీ మీరని."

"నేను కాకపోతే పర్లేదా?"

అతను టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. లొరేటా ఒడెస్సా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. మూడో మెట్టు మీద ఒడెస్సా ఆగి ఆమె మొహంలోకి చూసింది.

"గీత పక్కన నిలబడేవాడు" అంది.

"అవును."

"నేనేమేమో అన్నాను."

"తప్పేమీ అనలేదు. పదండి, పిల్లవాడు వెళ్లిపోతాడు."

కంచె దగ్గరికి వాళ్లు చేరేసరికి స్ట్రెచర్ పక్కనే నడుచుకుంటూ డ్వేన్ వచ్చాడు. తలెత్తి లొరేటాను చూశాడు. అడుగు ఆగింది, మళ్లీ కదిలింది.

"వచ్చావా" అన్నాడు, ఆమె పక్క గదిలోంచి వచ్చినట్టు.

"వచ్చాను. ముందు ఈవిడ సంగతి చూడు."

ఒడెస్సాను మనవడితోపాటే అంబులెన్సులో ఎక్కించారు. మిగతా ఆటంతా లొరేటా కంచె పట్టుకుని నిలబడే చూసింది. క్వెంటిన్ స్థానంలో వచ్చిన కుర్రాడు వెనక్కి ఇచ్చిన బంతి మూడుసార్లు అందరి తలల మీదుగా ఎగిరిపోయింది. గ్యాలరీలో ఎవరూ అరవలేదు. నలభై నాలుగు, సున్నా. ఇరు జట్లవాళ్లూ వరసగా నిలబడి చేతులు కలుపుకుని వెళ్లిపోయారు. తల్లిదండ్రులు దుప్పట్లు మడతపెట్టుకున్నారు. ఎవరో స్కోరుబోర్డు కట్టేసి, నిచ్చెన వేసుకుని కాలేజీ బ్యానరు విప్పడం మొదలుపెట్టారు.

డ్వేన్ గది గ్యాలరీ కిందే. పైకప్పు మెట్ల వాలుకు సమానంగా కిందికి దిగిపోతుంది. ఒక గోడకు శిరస్త్రాణాలు, ఒక మూల బంతుల మూట, గీతలు గీసే యంత్రం, ఇటు రెండు బట్టలుతికే యంత్రాలు. వాటికీ గోడకూ మధ్య మడతమంచం. దాని మీద లొరేటా తల్లి కుట్టిన బొంత. మూడు ఊళ్ల కిందట సామాన్లలో ఎక్కడో పోయిందని చెప్పాడు దాని గురించి, ఇన్నాళ్లూ తనే అట్టేపెట్టుకున్నాడన్నమాట. మంచం నిండా, నేల నిండా మైదానంలో ఆ గడ్డి మధ్య పోసే నల్లటి రబ్బరు రవ్వలు. చీమల్లా ఉన్నాయి.

లొరేటా కుర్చీలో కూర్చుంది. అతను మాసిన జెర్సీలు ఒక్కొక్కటే తిరగేసి యంత్రంలో వేస్తున్నాడు. మామూలుగా అయితే ఆమె లేచి సగం అందుకునేది. ఈసారి చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

"బట్టలు కూడా నువ్వే ఉతుకుతావా?"

"ఆ పనికి మనిషిని పెట్టలేదింకా. వచ్చే ఏడు పెడతారట."

"ఇల్లు పిల్లలకిచ్చావట."

"ఎవరు చెప్పారు?"

"క్వెంటిన్ నాయనమ్మ. నా గురించి కూడా చెప్పింది. తీరిక లేనిదాన్నట."

అతను ఇంకో జెర్సీ తిరగేశాడు. లొరేటా చెప్పేసింది. అంతసేపు కూడబలుక్కున్నది తీరా నోట్లోంచి చాలా మామూలుగా వచ్చింది.

"నేను ఇల్లు అమ్మను డ్వేన్. ఇక్కడికి రాను. ఇంక ఎక్కడికీ రాను. నాకు ఓపిక అయిపోయింది."

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఫిబ్రవరి నుంచి. నేను బయల్దేరుతుంటే నా చొక్కాలు మాత్రమే సర్దావు. అంతకుముందెప్పుడూ అలా చెయ్యలేదు. వంటింటి గిన్నెలు రెండైనా పెట్టేదానివి. అప్పుడే అనుకున్నాను. అందుకే ఆ పిల్లలకు ఇల్లు ఇవ్వడానికి ఆలోచించలేదు."

"మరి ఇల్లు అమ్మమని ఎందుకడిగావు? ఏడు వారాలు నన్నెందుకు చంపావు?"

"అడక్కపోతే..." అతను యంత్రం అంచు పట్టుకుని నెమ్మదిగా మంచం మీద కూర్చున్నాడు. "అడక్కపోతే నువ్వు రాకపోయినా నాకు ఫరవాలేదనుకుంటావని."

లొరేటాకు నవ్వొచ్చింది. నవ్వు కాదు, ముక్కులోంచి ఒక గాలి. అతను కూడా అలాగే చేశాడు. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి యంత్రం మీట నొక్కాడు. యంత్రంలో నీళ్లు నిండుతున్న చప్పుడు.

"ఇంటికొచ్చెయ్" అంది చివరికి. "ఈ ఏడు అయ్యాక. నీ మోకాళ్లతో ఇది అయ్యే పని కాదు. ఇవాళ చూశాను."

"నలభై ఎనిమిది మంది పిల్లల ఇళ్లకు నేనే వెళ్లాను లొరేటా. వాళ్ల అమ్మలు పెట్టింది తిన్నాను. మీవాడు చదువు పూర్తిచేసేదాకా నేనిక్కడే ఉంటానని ఒక్కొక్కరికీ చెప్పాను."

"నాకేం చెప్పావు?"

అతను మోకాలు నిమురుకుంటూ కూర్చున్నాడు.

"నీకు చెప్పిందేదీ నిలబెట్టుకోలేదు" అన్నాడు.

ఆ మాట అతని నోటివెంట ముప్పై మూడేళ్లలో రాలేదు. వచ్చాక లొరేటాకు గెలిచినట్టేమీ అనిపించలేదు. అతనికి కళ్ల కింద నల్లగా ఉంది. గడ్డం ఒక పక్క సరిగ్గా గీసుకోలేదు, ఆ గదిలో అద్దం లేదు కాబోలు. లేచి బొంత తీసి, తలుపు దగ్గరికి వెళ్లి గట్టిగా దులిపింది. రబ్బరు రవ్వలు జలజల రాలాయి.

"పద, ఆ పిల్లవాణ్ణి చూసొద్దాం. నా కారులో. నువ్వు నడపొద్దు."

ఆసుపత్రిలో క్వెంటిన్ కాలు దిండ్ల మీద పెట్టి ఉంది. మోకాలి లోపల ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు తెగిందట. ఆపరేషను చెయ్యాలి, ఏడాది వరకు మైదానం ఊసెత్తకూడదు. పెద్ద శరీరం, చిన్నపిల్లాడి మొహం. కోచ్‌ను చూసి ఏడవకుండా ఉండటానికి పళ్లు బిగించాడు.

"సారీ కోచ్."

"దేనికిరా?"

"ఎడం కాలు అడ్డంగా పెట్టాను. పెట్టొద్దని చెప్పారు కదా."

"చెప్పానులే. వచ్చే ఏడు మళ్లీ చెప్తాను."

ఒడెస్సా కిటికీ పక్కన కూర్చుని ఉంది. టోపీ ఒళ్లో పెట్టుకుని నలుపుతోంది. "కోచ్, ఒక్క మాట" అంది. "ఆడలేని పిల్లవాణ్ణి కాలేజీవాళ్లు ఉంచుతారా? చదువుకోనిస్తారా? నిజం చెప్పండి. నేను ముసలిదాన్ని, తియ్యటి మాటలు నాకొద్దు."

డ్వేన్ తలెత్తి లొరేటా వైపు చూశాడు. ఒడెస్సా చూపూ అటే వచ్చింది. గదిలో అందరూ తన నోటివంక చూస్తున్నట్టు అనిపించింది లొరేటాకు. తను ఒక మాట అంటే అతను బహుశా వింటాడు. ఇంటికొచ్చేస్తాడు, ఆ ట్రాక్టర్ల దుకాణంలో మళ్లీ నిలబడతాడు, ప్రతి శనివారం మధ్యాహ్నం గ్యారేజీలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. ఆ ఏడాదిన్నర ఆమె చూసింది కదా.

"చెప్పు డ్వేన్" అంది. "ఆవిడ అడుగుతోంది."

"ఉంచుతారు" అన్నాడు. "ఉంచేలా నేను చూస్తాను. వీడు పట్టా తీసుకునేదాకా ఇక్కడే ఉంటాను."

ఒడెస్సా తలూపింది. తర్వాత లొరేటా చెయ్యి అందుకుని, కాసేపు పట్టుకుని వదిలేసింది.

బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఆసుపత్రి ఎదురుగా పాన్‌కేకులు పోసే హోటలొకటి ఉంటే అందులోకి వెళ్లారు. కిటికీ పక్క బల్ల. గుడ్లు, వేయించిన మాంసం, పాన్‌కేకులు చెప్పారు. అవి వచ్చేలోపే డ్వేన్ గోడకు తలాన్చి నిద్రపోయాడు. నోరు కాస్త తెరుచుకుంది. చెవి వెనక ఇంకా రెండు రబ్బరు రవ్వలున్నాయి.

వడ్డించే అమ్మాయి పళ్లేలు పట్టుకొచ్చి ఆగిపోయింది. "లేపమంటారా?"

"వద్దమ్మా. అక్కడ పెట్టు. నాకు కాఫీ ఇంకాస్త పొయ్యి."

లొరేటా తన పళ్లెం నెమ్మదిగా పూర్తిచేసింది. ఆ తర్వాత అతని పళ్లెంలో గుడ్లు కూడా తింది, చల్లారిపోతాయని. గంటసేపు అతన్ని లేపలేదు.

ఆ ఏడాది మిగిలిన మూడు ఆటలూ కొంగలు ఓడిపోయారు. లొరేటా ఇల్లు అమ్మలేదు. డ్వేన్ మెట్ల కింద గది వదిలి, ఒడెస్సాకు తెలిసినవాళ్ల ఇంట్లో పై గది ఒకటి తీసుకున్నాడు. దాన్లో అద్దం ఉందో లేదో ముందు కనుక్కున్నాకే లొరేటా ఒప్పుకుంది. ఆదివారాలు అతను క్విన్సీ వస్తాడు. వచ్చి, చెప్పులు తలుపు దగ్గర వదిలి, మధ్యాహ్నం రెండింటిదాకా పడుకుంటాడు. లేచాక ఏదైనా బాగుచేస్తాడు. సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోతాడు. లొరేటా ఏడాదికి నాలుగు శనివారాలు అటు వెళ్తుంది. ఒడెస్సా దుప్పటి సగం ఆమెకు ఉంచుతుంది. గ్లెన్ ప్రూయిట్ ఇప్పటికీ అరుస్తాడు, కానీ ఆమె వచ్చిన రోజు అవతలి వైపు వెళ్లి కూర్చుని అరుస్తాడు. రెండో ఏడు రెండు ఆటలు గెలిచారు. క్వెంటిన్ కర్ర సాయం మానేసి, గీత పక్కన నిలబడి నీళ్లసీసాలు అందించాడు. మూడో ఏడు మళ్లీ వరసలో వంగి నిలబడ్డాడు.

"ఇదేం కాపురమమ్మా?" అని ఒక రోజు కిర్‌స్టెన్ ఆరెగాన్ నుంచి ఫోను చేసి అడిగింది.

"మాకు చేతనైంది ఇదే" అంది లొరేటా. "నువ్వెప్పుడొస్తావు? ఆదివారమైతే మీ నాన్న ఉంటాడు. కాకపోతే రెండింటిదాకా లేవడు."

కిర్‌స్టెన్ క్యాలెండరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది. తర్వాత, మార్చిలో సెలవులున్నాయని, చూస్తానని చెప్పింది.